చల్లారిందా?

మా బావకి కర్తతో, కర్మతో పనిలేదు. ఒక్క క్రియాపదంతో కాపురం లాక్కొస్తున్నాడు. "అయ్యిందా?" అంటాడు. ఏది అయ్యిందో మనమే వెతుక్కోవాలి. "పెట్టావా?" అంటే మా అక్క అన్నమా, తాళమా, ఫోను చార్జింగా అని ఇల్లంతా ఓసారి కళ్ళతో తిరిగొచ్చి, ఏదో ఒకటి అనుకుని "పెట్టానండీ" అంటుంది. బావ చేతి గడియారాలు బాగుచేసే మనిషి. పగలంతా కంటికి భూతద్దం తగిలించుకుని, ఊపిరి బిగబట్టి, వెంట్రుకంత స్ప్రింగులతో కుస్తీ పడతాడు. నోరు తెరిస్తే చెయ్యి కదులుతుందని భయం. అలా పనిలో కోసేసిన మాటలు ఇంటికొచ్చాక కూడా మళ్ళీ అతుక్కోలేదు.

ఆ రోజు ఆ చేతులకే పరీక్ష. బావ పనిచేసే కొట్టు మూతపడి ఆర్నెల్లయింది. వాచీల కంపెనీ ఒకటి రిపేరు విభాగంలోకి ఒక్క మనిషిని తీసుకుంటానని, మధ్యాహ్నం రెండింటికి చేతిపని పరీక్షకి రమ్మంది. రెండు దాటితే గేటు మూసేస్తారు. వాళ్ళు పెట్టిన వయసు హద్దుకి బావ అంచు మీద ఉన్నాడు, మళ్ళీసారి పిలవరు. "ఆయన స్టీరింగు ముట్టుకోవడానికి వీల్లేదు, వేళ్ళు బిగుసుకుపోతాయి" అని అక్క హుకుం జారీ చేసింది. నేను డ్రైవింగు స్కూల్లో నేర్పేదాన్ని. అందుకని బావ పాత కారు నా చేతికొచ్చింది. పక్క సీట్లో బావ, వెనకాల అక్క, అక్క ఒళ్ళో ఎనిమిది నెలల మా పిడుగు.

సగం దూరం వచ్చాక ఇంజన్ వేడి చూపించే ముల్లు కదిలింది. ఎప్పుడూ మధ్యలో నిద్రపోయే ముల్లు, కాస్త కాస్తగా ఎర్ర గీత వైపు ఎగబాకుతోంది. నేను ఏసీ ఆపి హీటరు పూర్తిగా తిప్పాను. ఎండాకాలం మధ్యాహ్నం లోపలికి వేడిగాలి కొట్టేసరికి పిడుగు రాగం అందుకున్నాడు.

"ఎందుకూ?" అన్నాడు బావ.

"ఇంజన్ వేడి కొంచెమైనా ఇటు లాగుదామని. అద్దాలు దించండి."

లాభం లేకపోయింది. బానెట్ అంచుల్లోంచి ఆవిరి, దాంతో పాటు తియ్యటి ఘాటు వాసన. ఒక గోదాము గోడ నీడలో కారు ఆపి ఇంజన్ కట్టేశాను. బానెట్ ఎత్తితే పక్కనున్న, ఇంజన్ని చల్లబరిచే కూలెంట్ డబ్బా అడుగుదాకా ఎండిపోయి ఉంది. రేడియేటర్ మూత చుట్టూ బుసబుసమంటోంది.

నాకు ఒళ్ళు మండింది. "బావా, పొద్దున్న నేను చూశావా అని అడిగితే చూశానన్నావు కదా?"

"గాలి చూశాను."

"గాలేంటి?"

"టైర్లలో. నేను టైర్ల దగ్గరున్నాను, నువ్వొచ్చి చూశావా అన్నావు. చూశాను."

నిజమే, బానెట్ వైపు గడ్డం ఎగరేసి "చూశావా?" అన్నాను. నేను రోజూ ఎగతాళి చేసే ఆయన రోగం నాకెప్పుడు అంటుకుందో తెలీదు. పైగా స్కూల్లో, బండి తీసేముందు కూలెంట్ చూడాలని రోజూ పిల్లకాయలకి పాఠం చెప్పేది నేనే.

"ఇప్పుడు పోసేద్దాం," అని బావ మూత మీదికి చెయ్యి చాపాడు.

ఆ చెయ్యి మీద ఠపీమని కొట్టాను. "ఇది కాఫీ ఫ్లాస్కు కాదు. లోపల నీళ్ళు మరిగి, బయటికి దారి లేక, మూత కింద కాచుక్కూర్చున్నాయి. నువ్వు తిప్పావంటే మొహం మీదికే వస్తాయి. ఆ చేతులతో ఇవాళ వాచీ పట్టుకోవాలా, మందు పట్టించుకోవాలా?"

"టైము?"

"టైము నాకూ తెలుసు."

వెనక్కి ఒక పెట్రోలు బంకు దాటొచ్చినట్టు గుర్తు. కూలెంట్ అక్కడ దొరక్కపోదు. అక్కని ముందు సీట్లో కూర్చోబెట్టి, ఇంజన్ వెయ్యకుండా తాళంచెవి ఒక మెట్టు మాత్రమే తిప్పి, ముల్లు చూపించాను. "ఇది బాగా కిందికి దిగేదాకా ఆయన్ని మూత జోలికి వెళ్ళనివ్వకు. దిగినా సరే, నేనొచ్చాకే." అక్క ముల్లు వంక, మొగుడి వంక, పిల్లాడి వంక చూసి తలూపింది. ముగ్గురిలో ఎవరిని కాయాలో ఆవిడకే అర్థమైనట్టు లేదు.

ఎండలో పరుగులాంటి నడక నడిచాను. బంకులో దొరికిన కూలెంట్ నీళ్ళు కలపని చిక్కటి రకం. దాంట్లో సగానికి సగం మంచినీళ్ళు కలపాలి. ఒక క్యాను నిండా నీళ్ళు అడిగి పట్టుకుని, రెండు చేతులా బరువుతో వెనక్కి బయల్దేరాను. దారంతా ఒకటే లెక్క. చల్లబడ్డానికి ఇంత, పొయ్యడానికి ఇంత, మిగిలిన రోడ్డుకి ఇంత. లెక్క ఎలా వేసినా రెండింటికి అటూ ఇటూగానే తేలుతోంది.

కారు దగ్గరికి వచ్చేసరికి పిడుగు ఆకలి ఏడుపు వినబడింది. ఎత్తిన బానెట్ అవతల బావ. అక్కకి ఆయన కనబడడు, ఆయనకి అక్క కనబడదు. మధ్యన ఇనప రేకు.

"చల్లారిందా?" అని అరిచాడు బావ.

కిటికీలోంచి అక్క నాకు స్పష్టంగా కనబడుతోంది. ముల్లు వంక చూడటం లేదు. ఫ్లాస్కులోని వేడి పాలు పోసిన సీసా తలకిందులు చేసి మణికట్టు మీద చుక్క వేసుకుని చూస్తోంది.

"ఆఁ, చల్లారిందండీ," అంది.

బావ జేబురుమాలు మూత మీద వేసి, ఇంకా వేడేమో చూద్దామన్నట్టు దగ్గరికి వంగాడు. గడియారం తెరిచేటప్పుడు వంగినట్టే, మొహం మొత్తం దానిమీదే పెట్టాడు.

చెప్పాలంటే చాలా ఉంది. అక్క పాల గురించి అంది బావా, ఇంజన్ గురించి కాదు, చెయ్యి తియ్యి, మొహం వెనక్కి పెట్టు. ఇన్ని మాటలకి తీరిక ఎక్కడిది? నా నోట్లోంచి "వద్దు" అని ఒక్కటే వచ్చింది. ఏది వద్దో తెలియక బావ తలెత్తి చూశాడు. వేళ్ళు మాత్రం తిప్పుతూనే ఉన్నాయి.

క్యాను, కొన్న కూలెంట్ డబ్బా రోడ్డు మీద పడేసి వెళ్ళి ఆయన్ని భుజంతో గుద్దాను. ఆయన గోడకి తగిలి కూలబడ్డాడు. మూత అప్పటికే సగం వదులైంది. నేను అడ్డం పెట్టిన చేతి మీద, మోచేతి కింది నుంచి మణికట్టు దాకా మరిగే నీళ్ళు కొట్టాయి.

అరిచానో లేదో నాకు తెలీదు, అరిచానని తర్వాత అక్క చెప్పింది. తేరుకున్నాక ముందు చూసింది బావ చేతులు. పది వేళ్ళూ పదిలంగా ఉన్నాయి. మొహం తెల్లగా పాలిపోయింది కానీ కాలలేదు. అప్పుడు ఊపిరి పీల్చుకుంటే, నా చెయ్యి గుర్తొచ్చింది.

అక్క పిల్లాణ్ణి చంకనేసుకుని దిగింది. "ముల్లు ఇంకా పైనే ఉంది. నేను పాలు అనుకున్నానే, పాలు అడుగుతున్నారనుకున్నానే," అదే మాట పది సార్లు అంటోంది. బావ లేచి, పడిపోయిన క్యాను తెచ్చి మూత తీశాడు.

"వద్దు బావా," ఈసారి పూర్తిగా చెప్పాను, పళ్ళ బిగువున. "ఆ నీళ్ళు ఇంజన్‌కి. కూలెంట్‌లో కలపాలి. కాసిని చాలు నాకు, మిగతాది ఉంచు."

ఆయన విననట్టే నా చెయ్యి పట్టుకుని నీళ్ళు పొయ్యడం మొదలుపెట్టాడు. స్ప్రింగులు పట్టుకునే వేళ్ళు కదా, పట్టుకున్నట్టే లేదు. సన్నటి ధారగా, ఆపకుండా, మోచేతి నుంచి వేళ్ళ చివర దాకా. సగం అయ్యింది. నేను చెయ్యి లాక్కోబోయాను, వదల్లేదు. చుక్క కూడా మిగల్చకుండా క్యాను మొత్తం నా చేతి మీదే పోశాడు. ఆర్నెల్లుగా ఎదురుచూసిన ఉద్యోగం కళ్ళముందే రోడ్డు మీద పారిపోతుంటే, ఆయన కళ్ళు నా చేతి మీంచి పక్కకి కదల్లేదు. ఆ తర్వాత ఖాళీ క్యాను తీసుకుని బంకు వైపు పరిగెత్తాడు. బావ పరిగెత్తడం నేనెప్పుడూ చూడలేదు.

ఆయన నీళ్ళతో తిరిగొచ్చేసరికి ముల్లు అడుగుకి దిగింది. నేను మంచి చెయ్యి రేడియేటర్ పై గొట్టం మీద పెట్టి చూశాను, గోరువెచ్చగా ఉంది. నేను చెప్తుంటే అక్క చేసింది. బావని మాత్రం దగ్గరికి రానివ్వలేదు. మడతపెట్టిన తువ్వాలు వేసి మూత తీసింది. ఖాళీ ప్లాస్టిక్ సీసాతో కొలిచి సగం నీళ్ళు, సగం కూలెంట్ కలిపి, గుటకలు వేయించినట్టు కొంచెం కొంచెంగా పోసింది. ఇంజన్ వేశాక మట్టం దిగింది, మళ్ళీ పోసింది. పక్క డబ్బాలో పై గీత దాటకుండా నింపి, మూతలు రెండూ బిగించింది.

"నేను నడుపుతా," అన్నాడు బావ.

"నువ్వు ఆ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చో," అన్నాను. తడి తువ్వాలు చుట్టుకుని నడిపాను. గేరు మార్చిన ప్రతిసారీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ముల్లు మధ్యలో నిలబడింది.

కంపెనీ గేటు వాచ్‌మన్ అప్పటికే ఒక రెక్క మూసి, రెండోదాని మీద చెయ్యి వేశాడు. బావ కారు ఆగకముందే దిగి, ఆ సందులోంచి లోపలికి దూరాడు.

ఎదురుగా మందుల షాపాయన చేతికి మందు పూసి గుడ్డ చుట్టాడు, రేపు డాక్టరుకి చూపించమన్నాడు. కారులో కూర్చున్నాం. అక్క నా తల మీద చెయ్యి వేసి నిమురుతోంది. పొద్దు వాలింది. నాకు భయంగా ఉంది. ఆ గేటు లోపల ఆయన చెయ్యి ఒక్కసారి వణికితే, ఈ చెయ్యి కాలింది దేనికి?

గేటు తెరుచుకుంది. బావ మెల్లగా వచ్చాడు. చొక్కా జేబుకి పొద్దున్న లేని కొత్త బిళ్ళ వేలాడుతోంది. దాని మీద కంపెనీ గుర్తు, ఆయన ఫొటో. అక్క అది చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఆయన అక్క వైపు కాదు, నా కిటికీ దగ్గరికి వచ్చాడు. గుడ్డ చుట్టిన చేతిని చూస్తూ నిలబడ్డాడు. పెదాలు కదిలాయి, ఆగాయి. లోపల ఏవో విడిభాగాలు ఒక్కొక్కటే వెతికి తీసి అమరుస్తున్నట్టు అనిపించింది.

"మరదలా," అన్నాడు, "నీ చేతి మంట చల్లారిందా?"

అప్పటిదాకా ఏడవనిదాన్ని, అప్పుడు ఏడ్చాను.

"లేదు బావా," అన్నాను. "నా చేతి మంట ఇంకా చల్లారలేదు."