పేజీ మీద రాలిన సున్నం

సామ్ సుందర్ ఆబిడ్స్‌లో ఒక బైండింగు దుకాణంలో పనిచేస్తాడు. నాంపల్లి స్టేషన్ వెనక సందులో, పాత మేడ మీద ఒంటి గది కిరాయికి తీసుకుని ఎనిమిదేళ్లుగా ఉంటున్నాడు. ఏడాదిన్నర కింద ఓ ఆదివారం, ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచిన పాత పుస్తకాల్లో అతనికి ఇటుకంత ఇంగ్లీషు నవల ఒకటి దొరికింది. ఏడు సంపుటాల కథలో అది మొదటిది. ఎడారి దాటి సముద్రాన్ని వెతుక్కుంటూ పోయే ఒక రాజ్యం కథ. మిగతావి ఒక్కొక్కటే వెతికి పట్టుకుంటూ ఆరోదాని దాకా వచ్చాడు.

చదివిందల్లా సాయంత్రాలు కింది గదిలో ఉండే లక్ష్మీనర్సమ్మకు చెప్పేవాడు. ఒక బడిలో ఆయాగా చేసి మానేసిన ఆమె ముప్పై ఏళ్లుగా ఆ గదిలో ఒంటరిగా ఉంటోంది. కథలోని రాజులు, మంత్రగాళ్లు ఆమెకు పట్టలేదు. సైన్యం వెంట నడుస్తూ గంజి కాసే ఒక ముసలిదాని మీదే ఆమె ప్రాణమంతా. నాలుగో సంపుటంలో ఇసుక తుఫానులో తప్పిపోయిన ఆ ముసలిదాన్ని రచయిత మళ్లీ తలవనే లేదు.

"గంజామె ఏమైంది సామూ?" అని లక్ష్మీనర్సమ్మ రోజూ అడిగేది.

పక్క జాగాలో అపార్ట్‌మెంటు కోసం రెండు నెలలుగా సెల్లార్ తవ్వుతున్నారు. శుక్రవారం ముసురు పట్టి గుంత నిండా నీళ్లు చేరాయి. ఆ సాయంత్రం గదిలో చదువుకుంటుంటే సామ్ పుస్తకం మీద చిటికెడు సున్నం రాలింది. ఊదేసి పేజీ తిప్పాడు. శనివారం ఇంకొంచెం రాలింది. పుస్తకంలో కోట ముట్టడి సాగుతోంది. అరచేత్తో తుడిచేసి చదువుకున్నాడు. ఆదివారం వాన వల్ల ఫుట్‌పాత్ మీద పుస్తకాలు పరచరని గదిలోనే ఉండిపోయాడు. పదకొండు గంటలప్పుడు గోలీకాయంత గచ్చు ముక్క వచ్చి సరిగ్గా అతను చదువుతున్న వాక్యం మీద పడింది.

తలెత్తి చూశాడు. తలుపు దానంతటదే సగం తెరుచుకుని ఉంది. వేయబోతే చట్రంలో ఇమడలేదు. మెట్ల పక్క గోడలో, మొన్న గోరు కూడా దూరని బీటలో ఇప్పుడు నాలుగు వేళ్లు దూరాయి. లోపలి నుంచి తడి మట్టి వాసన, సన్నగా ఏదో జారుతున్న చప్పుడు.

ఇంటి ఓనరు జగన్మోహనరావుకు ఫోను చేశాడు.

"వానలు తగ్గనీ, మేస్త్రీని పంపిస్త" అని ఆయన పెట్టేశాడు.

సామ్ మెట్లు దిగాడు. కింద ముందు గదిలో బీరయ్య బట్టలు ఇస్త్రీ చేస్తున్నాడు.

"బీరన్నా, గోడ కదులుతున్నది. బయటికి రా!"

"గీ రెండు అంగీలైతే అయిపోయినట్టే. నువ్వు నడువు, వస్త."

లక్ష్మీనర్సమ్మ అసలు లేవనే లేదు. "నేనేడికీ రాను. ఒక్కసారి గడప దాటిన్నంటే ఓనరు తాళమేస్తడు. మళ్ల రానిస్తడా?"

బతిమాలాడు, కోప్పడ్డాడు. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుకుంటూనే ఉంది. ఇక ఏం చేయాలో తోచక అన్నాడు: "పెద్దమ్మా, గంజామె దొరికింది."

ఆమె చేయి ఆగింది. "బతికే ఉన్నదా?"

"ఈడ చెప్ప. స్టేషన్ కాడ చాయ్ తాగుకుంట చెప్త."

ఆమె గొడుగు తీసుకుని చెప్పులేసుకుంది. గుమ్మంలో సామ్ మళ్లీ బీరయ్యను పిలిచాడు. "వస్తున్న పో" అన్నాడతను, పెట్టె మీంచి తలెత్తకుండానే.

హోటల్లో చాయ్ ముందు పెట్టుకుని సామ్ అబద్ధం మొదలుపెట్టాడు. ఆరో సంపుటంలో గంజామె జాడే లేదు. ఆమెను ఒక గుహలోకి చేర్చాడు, ఒంటెల వాళ్లతో కాపాడించాడు. చెబుతున్నంతసేపూ చూపు తలుపు వైపే. బీరయ్య రావడం లేదు. లక్ష్మీనర్సమ్మ చాయ్ తాగకుండా అతని ముఖమే చూస్తోంది.

"గిది పుస్తకంల లేదు. నువ్వల్లుతున్నవ్. గోడ సంగతి నిజమేనా?"

"నిజమే పెద్దమ్మా."

"మరి బీరయ్య?"

ఇద్దరూ ఒక్కసారే లేచారు. రోడ్డు దాటుతుండగా, లారీలోంచి కంకర కుమ్మరించినట్టు పెద్ద చప్పుడైంది. సందు మొగదల దుమ్ము వానలో కూడా లేచింది. మేడలో సగం గుంతలోకి జారిపోయింది. ఇస్త్రీ గది కనబడలేదు.

బీరయ్యను బయటికి తీయడానికి నాలుగు గంటలు పట్టింది. ప్రాణం దక్కింది కానీ కుడికాలు మోకాలి కింద తీసేశారు. ఆ నాలుగు గంటలూ లక్ష్మీనర్సమ్మ వానలోనే నిలబడింది. తన గదిలో ఏం పోయిందో ఒక్క మాటా అనలేదు.

మూడో రోజు దవాఖానలో బీరయ్య కళ్లు తెరిచి అడిగాడు. "గోడ కదులుతున్నదని నీకెట్ల ఎరికైంది?"

దాచాలనిపించలేదు. "శుక్రారం సంది పుస్తకం మీద సున్నం రాలుతున్నదన్నా. దులుపుకుంట చదువుకున్న."

"శుక్రారమే చెప్తే... శుక్రారం నా కాడ ఇన్ని బట్టలు లేకుండె" అన్నాడు బీరయ్య మెల్లగా. తర్వాత అటు తిరిగి పడుకున్నాడు. లక్ష్మీనర్సమ్మ దుప్పటి సర్దింది.

బయటికొచ్చిన సామ్ దుకాణానికి పోలేదు. నేరుగా సందులోకి నడిచాడు. పోలీసులు కట్టిన తాడు అవతల, గుంతకు రెండో పక్కన పసుపు రంగు ఇల్లొకటి ఇంకా నిలబడి ఉంది. దాని గోడలో కిటికీ కింద నుంచి నేల దాకా వెంట్రుకంత బీట. లోపల కుక్కరు కూస్తోంది.

సామ్ తాడు కింద నుంచి దూరి వెళ్లి తలుపు కొట్టాడు. పిండి చేతులతో ఒకావిడ తెరిచింది.

"అమ్మా, స్టవ్ బందు చేసి జర బయటికి రాన్రి" అన్నాడు. "ఇంట్ల ఇంకెంతమంది ఉన్నరు?"