పొగమంచులో పెళ్లిగౌన్లు

టోంగా దేశంలోని వవావు ద్వీపం నుంచి పాటల బృందంగా బయలుదేరిన పదకొండు మంది ఆడవాళ్లు న్యూజిలాండ్‌లోని ఓమరూ ఊళ్లో బస్సు దిగారు గానీ, వాళ్ల పెట్టెలు మాత్రం విమానంలో ఇంకేదో ఊరికి వెళ్లిపోయాయి. చేతుల్లో మిగిలినవి చుట్టచుట్టిన చాపలే. పెళ్లికీ ప్రార్థనకీ బట్టల మీద నడుముకి కట్టుకునే ఆ చాపల్ని టోంగా మనుషులెవరూ సామానుతో పంపరు. ఒళ్లో పెట్టుకునే ప్రయాణం చేస్తారు.

మధ్యాహ్నం రాతి చర్చిలో పాడాలి. తెల్లబట్టల్లో పాడతామని మాటిచ్చారు. ఒంటి మీద ఉన్నవేమో రెండు రోజుల ప్రయాణంలో నలిగిన పూల గౌన్లు.

"వీటితో వెళ్లి దేవుడి ముందు నిలబడితే, సంత నుంచి నేరుగా వచ్చామనుకుంటాడు," అంది బృందానికి పెద్ద కలొలైనే. "పదండి. పాత బట్టల దుకాణం లేని ఊరుంటుందా?"

పొగమంచు దట్టంగా ఉంది. ముందు నడిచేవాళ్ల నవ్వులు వినిపిస్తున్నాయి, మనుషులు కనిపించడం లేదు. ఆ వీధిలో అన్నీ తెల్లరాతి కట్టడాలు. మంచు ఎక్కడ ఆగిందో, గోడ ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. అందరికంటే వెనక లోసలీన నడుస్తోంది. నిద్రలో నడుస్తున్నట్టుంది ఆమెకి. చలి కూడా ఎవరికో వేస్తున్నట్టుంది.

లోసలీనకి యాభై ఆరేళ్లు. వాళ్ల ద్వీపంలో నెయాఫు రేవు పక్కన చేపల కొట్టు నడుపుతుంది. పెళ్లి చేసుకోలేదు. అడిగినవాళ్లు లేక కాదు. ఇద్దరు అడిగారు, ఇద్దర్నీ చూస్తే ఆమెకి నవ్వొచ్చింది. అన్నదమ్ముల పిల్లలందరికీ ఆమె మేనత్త. టోంగాలో మేనత్తదే పెద్దరికం, అందుకే వాళ్ల పెళ్లిళ్లలో అందరికంటే పైన కూర్చునేది ఆమే. మెత్తని చాపలు మొదట ఆమె ముందే పరిచేవారు. అక్కడ కూర్చుని ఎందరు పెళ్లికూతుళ్లను చూసిందో ఆమెకే గుర్తులేదు.

పాత బట్టల దుకాణం ఒక వీధి మలుపులో దొరికింది. లోపల తడి ఉన్ని వాసన, ఎండిన పూల వాసన. కళ్లద్దాలకి గొలుసు కట్టి మెళ్లో వేసుకున్న పెద్దావిడ, దుకాణం ఆమెదే, పేరు డోరీన్, వాళ్లు చెప్పిందంతా విని తల గోక్కుంది.

"పదకొండు మందికీ తెలుపా? ఉంది. కానీ ఎవరూ నవ్వకూడదు, మాటివ్వాలి."

వెనక గది తలుపు తీసింది. ఆ ఊళ్లో మూతపడిన పెళ్లిబట్టల కొట్టు సరుకంతా అక్కడే ఉంది. పొడవాటి కర్రకి గౌన్లు వరసగా వేలాడుతున్నాయి. తలుపు గాలికి అన్నీ ఒక్కసారి మెల్లగా ఊగాయి, నీళ్లలో నాచు ఊగినట్టు. ఒక్కోటి కోడి ఖరీదు కూడా చేయదని డోరీన్ చెప్పేసరికి అందరూ నవ్వేశారు.

"ఇది వేసుకుంటే మా ఆయన సమాధిలోంచి లేచొస్తాడు," అంది కలొలైనే ఒకదాన్ని గుండెలకి ఆనించుకుని.

"రానీ పెద్దమ్మా! మగగొంతు ఒక్కటైనా ఉంటుంది మనకి," అంది లోసలీన మేనకోడలు అకనేసి.

లోసలీన మాత్రం ముందు గదికి వెళ్లి తెల్లటి బల్లగుడ్డ ఒకటి పట్టుకొచ్చింది. "నాకిది చాలు. భుజాల మీంచి కప్పుకుంటా."

"భోజనానికి వచ్చామా, పాడటానికి వచ్చామా?" అంది కలొలైనే. "దాని మీద కూర మరక చూడు!"

"పెళ్లికాని దాన్ని. నాకెందుకక్కా అవన్నీ?"

"ఆ సంగతి గౌనుకి తెలీదు కదత్తా," అంది అకనేసి, అత్తను తెర వెనక్కి నెట్టుకెళ్తూ.

అది పొడుగు చేతుల గౌను. బరువుగా, చల్లగా ఒంటి మీదికి జారింది. చిన్నప్పుడు తెల్లవారకముందే రేవులో దూకితే నీళ్లు ఇలాగే తాకేవి. మొదట ఒళ్లు జలదరించేది, తర్వాత ఒళ్లన్నదే తెలిసేది కాదు. వెనక అకనేసి ఒక్కో బొత్తం పెడుతుంటే లోసలీన అద్దంలోకి చూసింది. అంచులు నల్లబడ్డ పాత అద్దం అది. అందులోని మనిషి ఎంతో దూరం నుంచి, ఏ తొందరా లేకుండా తన వైపు నడిచొస్తున్నట్టు అనిపించింది.

అకనేసి బొత్తాలు పెట్టడం ఆపేసింది. "అత్తా, నా పెళ్లిలో నేను కూడా ఇంత బాగాలేను."

"అబద్ధాలాడకు. ఆ కింది బొత్తం వదిలెయ్. ఊపిరాడట్లేదు."

గౌన్ల మీద చాపలు చుట్టి, తాళ్లతో బిగించి, పదకొండు మందీ వీధిలోకి వచ్చారు. రొట్టెల కొట్టువాడు పిండి చేతులతోనే బయటికొచ్చాడు. బస్సు డ్రైవరు బండి ఆపేశాడు. కుక్కను తిప్పుతున్న ముసలాయన టోపీ తీసి, "పెళ్లెవరికమ్మా?" అని అడిగాడు.

"అందరికీ," అంది కలొలైనే. "పెళ్లికొడుకే దొరకలేదు. నువ్వు ఖాళీయేనా?"

"కుక్కనడిగి చెప్తా," అని ఆయనా వెంట నడిచాడు. చర్చిలో చివరి బల్ల మీద కూర్చున్నాడు, కుక్క ఆయన కాళ్ల దగ్గర పడుకుంది.

మొదటి పాట లోసలీన ఒక్కతే ఎత్తుకోవాలి. ఎప్పుడూ కళ్లు మూసుకునే పాడుతుంది. ఇవాళ మూసుకోలేదు. బయట మంచు విడుతున్నట్టుంది, కిటికీల్లోంచి వెలుతురు పాలలా దిగుతోంది. ఆ పాట ఎన్నో పెళ్లిళ్లలో పాడింది, ఎప్పుడూ ఎవరో ఒకరి కోసం. ఈసారి ఎవరి కోసమో తెలియలేదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు. గొంతు తనంతట తానే పైకి వెళ్లింది. మిగతా పది గొంతులూ వచ్చి కిందనుంచి ఎత్తి పట్టుకున్నాయి.

సాయంత్రం మిగతావాళ్లు బసకి వెళ్లారు. లోసలీన సముద్రం వైపు నడిచింది. కలొలైనే అలిసిపోయినా వెంట వచ్చింది. ఇద్దరూ గౌన్లు కూడదీసుకుని రాళ్ల మీద కూర్చున్నారు. చీకటి పడుతుండగా అలల్లోంచి చిన్న పెంగ్విన్లు గుంపుగా పైకొచ్చి, వీళ్లని పట్టించుకోకుండా, తప్పటడుగులు వేసుకుంటూ ముందునుంచే వెళ్లిపోయాయి. ఒకటి మాత్రం లోసలీన గౌను అంచు మీద నిలబడి కాసేపు ఆలోచించింది. ఆమె ఊపిరి బిగబట్టింది. అదీ దిగి వెళ్లిపోయింది.

"ఏడుస్తున్నావేంటే?" అంది కలొలైనే.

"ఏమో అక్కా. బాధ మాత్రం కాదు." ముక్కు తుడుచుకుంది. "ఇది వేసుకోవాలంటే పక్కన ఒకడు నిలబడాలనుకున్నా ఇన్నేళ్లూ."

"నిలబడితే మాత్రం? మా ఆయన ఆ రోజంతా బూట్లు కరుస్తున్నాయని గొణుగుతూనే ఉన్నాడు."

ఇద్దరూ నవ్వారు. నవ్వు నీళ్ల మీదుగా ఎటో వెళ్లిపోయింది.

మర్నాడు పెట్టెలు వచ్చాయి. అందరూ గౌన్లు మడిచి తిరిగి డోరీన్‌కి ఇచ్చేశారు. లోసలీన మాత్రం ఇవ్వలేదు. నెయాఫు చేరాక గౌను చేతుల్ని మోచేతుల దాకా కత్తిరించి, ఎండకి తగ్గట్టు కింద అంచు పైకి కుట్టుకుంది. ఆదివారం దాన్నే వేసుకుని చర్చికెళ్లింది. ఆమెను చూసి పాస్టరుగారు ఒక వాక్యం రెండుసార్లు చదివారు. ఇంటికొచ్చాక అదే గౌనుతో మెట్ల మీద కూర్చుని, అన్నదమ్ముల మనవలకి పుచ్చకాయ కోసి పెట్టింది. ఎర్రటి రసం ఒళ్లోకి కారింది. చూసింది, తుడుచుకోలేదు. ఇంకో ముక్క అందుకుంది.