మైసయ్య మగ్గం పాతదేనా?

పరమేశ్వర్ సారు భువనగిరి బడిలో ముప్పై ఏళ్ళు సాంఘికశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. ముహూర్తాలు అడగడు, మొక్కులు మొక్కడు, రుజువు లేని మాట నోట రానివ్వడు. సాయంత్రమైతే మాత్రం మైసయ్య ఇంటికి వచ్చి, గుంట మగ్గం పక్కన పీట వేసుకుని గ్రీకు తత్వవేత్తల సంగతులు చెప్పేవాడు. మైసయ్య నేస్తూ వినేవాడు. అతని భార్య రాజమణి కండెలు చుడుతూ, వినీ విననట్టు ఉండేది.

సారుకు ప్రాణమైన చిక్కుప్రశ్న ఒకటుంది. ఏథెన్స్ వాళ్ళు ఒక వీరుడి ఓడను దాచుకున్నారు. పలక పుచ్చినప్పుడల్లా తీసేసి కొత్తది బిగించారు. చివరికి పాత పలక ఒక్కటీ మిగల్లేదు. అది ఆ ఓడేనా, వేరే ఓడా? తత్వవేత్తలు ఇప్పటికీ తేల్చలేదు.

"నీ మగ్గమూ అంతే మైసయ్యా. మీ నాయిన నాటి కర్ర ఒక్కటన్నా ఉన్నదా?"

"లేదు సారూ. బట్ట చుట్టే దోనె పగిలె, మార్చిన. గుంజలు చెదలు తినె, పోయినేడు అవీ మార్చిన. అయినా గిది మా నాయిన మగ్గమే."

"ఎట్లా చెప్పగలవు?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా సారు మళ్ళీ ఏథెన్స్ దారి పట్టేవాడు.

"సారు గా ఊరికి పోతే చాయ సల్లారేదాంక రాడు" అనేది రాజమణి.

రాష్ట్రం వచ్చాక మగ్గాలకు ఫోటోలు తీసి, నంబరు బిళ్ళలు ఇచ్చారు. ఆ నంబరు ఉంటేనే మనిషి నేతగాడి కింద లెక్క; నూలు రాయితీ, సర్కారు సాయం దాని మీదే వచ్చేవి. గుంజలు మార్చినప్పుడు మైసయ్య బిళ్ళను పాత గుంజ నుంచి ఊడదీసి కొత్తదానికి కొట్టుకున్నాడు. అందులో దాపరికమేమీ లేదు. కానీ తనిఖీకి వచ్చిన యువకుడు ఫోన్‌లోని ఫోటోనూ మగ్గాన్నీ మార్చిమార్చి చూసి, ఇరుగుపొరుగు సాక్ష్యం కావాలన్నాడు.

"సారును అడుగుండ్రి. ఆయన అబద్ధమాడడు" అన్నాడు మైసయ్య ధీమాగా, పక్కన పీట మీదున్న సారును చూపిస్తూ.

"ఇది ఫోటోలో ఉన్న మగ్గమేనా సార్?"

అవునంటే సరిపోయేది. కానీ సారుకు కొత్త శ్రోత దొరికి చాలాకాలమైంది.

"కచ్చితంగా మాట్లాడాలంటే, ఫోటోలోని గుంజలు లేవు, దోనె లేదు. కాబట్టి ఇది అదేనని నిరూపించలేం. అయితే ఇక్కడొక చిక్కు ఉంది..."

ఆ చిక్కు వినడానికి యువకుడు ఆగలేదు. 'ఫోటోలోని మగ్గం లేదు' అని రాసి కాగితం చాపాడు. సారు రెండుసార్లు చదివాడు. వాక్యంలో తప్పు పట్టలేక సంతకం చేశాడు.

నంబరు రద్దయింది. సారు మూడు దరఖాస్తులు రాశాడు. సంతకం మీదే కదా అన్నారు ఆఫీసు వాళ్ళు. మైసయ్య మాత్రం, "మీరు ఉన్నదే చెప్పిండ్రు సారూ" అన్నాడంతే. నాలుగు నెలలు చూసి, చౌటుప్పల్ దగ్గర ఒక గోదాములో వాచ్‌మన్‌గా చేరాడు.

అతను వెళ్ళిన వారానికి సారు మళ్ళీ ఆ ఇంటికి వచ్చాడు. మగ్గం మీద ఒక్క పోగు లేదు.

"రాజమణమ్మా, ఇది వాళ్ళ నాయిన మగ్గమేనని మైసయ్య ఎందుకనేవాడు?"

"గిప్పుడు అడుగుతున్నరా సారూ?" ఆమె పడుగు అనే నిలువు పోగులు దూరే, దువ్వెనలాంటి ఖాళీ అచ్చును చూపించింది. "చీర అయిపోయినంక పడుగు మొత్తం తియ్యం. అచ్చుల జానెడు వదులుతం. కొత్త పడుగును గా కొసలకే పోగు పోగు అతుకుతం. మా మామ ఎక్కించిన పడుగుకు ఈయన అతికిండు. నలభై ఏండ్ల సంది తెగలే. కర్రదేముంది, మారుతది."

"మరి ఆ రోజు ఈ మాట చెప్పలేదేం?"

"ఆయనను ఎవలు అడిగిండ్రు?"

"ఇప్పుడు అతకవచ్చా?"

"దేనికి అతుకుతం సారూ? పోయేనాడు గా కొసలు ఆయనే కోసిండు."

సారు పీట మీద కూర్చున్నాడు. ఇతరుల చేత జవాబు చెప్పించడమే సోక్రటీస్ విద్య అని బడిలో ఎన్ని తరగతులకు చెప్పాడో. ఇక్కడ మాత్రం అదే ప్రశ్న ఏళ్ళ తరబడి అడిగి, ఒక్కసారీ జవాబు వినలేదు. అచ్చు పళ్ళ సందుల్లోంచి అవతలి గోడ కనబడుతోంది.

రాజమణి చాయ తెచ్చింది. ఆ రోజు అది చల్లారకముందే తాగి లేచాడు.