ఏడో కాయ

తొమ్మిదేళ్లుగా జీడిపాకంలా సాగుతున్న డాక్టరేటు ఆ రోజుతో తేలిపోవాలి. ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరర్ గోపాలకృష్ణ ఆగిరిపల్లి మామిడితోటలో యాంటెన్నా పాతి, పరీక్షించడానికి వచ్చే ప్రొఫెసర్ కల్యాణి గారి కోసం ఎదురుచూస్తున్నాడు. గాలిలో ఏ ఛానల్ ఖాళీగా ఉందో కనిపెట్టడం అతని యంత్రం పని. పదిసార్లు కొలుస్తుంది. అన్నిటికంటే పెద్ద కొలత ముందే పెట్టిన గీత దాటితే "ఎవరో వాడుతున్నారు" అంటుంది.

పొద్దున్నుంచీ అదే పాట. కాయల గంపలతో మోపెడ్ వెళ్లినప్పుడల్లా ఇంజన్లోని నిప్పురవ్వ గాలిలో రేపే అలజడికి ఒకటో రెండో కొలతలు ఎగిరిపడుతున్నాయి. నిజానికి ఛానల్‌లో ఎవరూ లేరు.

కాయలు ఏరే మంగమ్మ చూసి చూసి అడిగింది. "ఏంటండీ సారూ, అంత దిగులు?"

ఈమెకేం అర్థమవుతుందిలే అనుకుంటూనే అంతా చెప్పాడు. పండితులకు వినేవాళ్లు దొరికితే చాలు.

"పై కాయ చూసి గంప కొంటున్నారండీ మీరు," అంది మంగమ్మ. పది రసాలు తీసి చిన్నదాని నుంచి పెద్దదాకా వరసగా పేర్చింది. పెద్దవి మూడు పక్కకు నెట్టి, ఏడో కాయ మీద వేలు పెట్టింది. "మేం దీన్ని చూస్తాం. గంప నిజంగా మంచిదైతే ఇదీ పెద్దగానే ఉంటది."

గోపాలకృష్ణ నవ్వేశాడు. ఆమె అటు తిరగగానే ల్యాప్‌టాప్‌లో "పెద్దది" కొట్టేసి "ఏడోది" అని మార్చాడు. యంత్రం బుద్ధిగా "ఖాళీ" అంది.

కల్యాణి గారు వచ్చి చూసి మెచ్చుకున్నారు. "బాగుంది. ఈ ఆలోచన ఎలా వచ్చింది?"

"ఎన్నాళ్లో మథనపడ్డాను మేడమ్."

"ఏడోదే ఎందుకు? ఎనిమిదోది ఎందుకు కాదు?"

గోపాలకృష్ణ ల్యాప్‌టాప్ తెర అటూ ఇటూ తిప్పాడు. మంగమ్మను అడిగి ఉంటే రెండు నిమిషాల పని. ఆ అడగడమే చేతకాలేదు మహానుభావుడికి.

పక్కనే ఉన్న మంగమ్మకు జాలేసింది. "అమ్మేవాళ్లు పదింటికి మూడు దాకా కావాలని పైన పెద్దవి పెడతారమ్మా. నాలుగు పెట్టే దమ్ము ఎవరికీ లేదు. మోసం ఎంతుంటదో తెలుసుకుని అంతే తీసెయ్యాలి. సారుకి ఇందాకే వరస పేర్చి చూపించానుగా."

కల్యాణి గారు గోపాలకృష్ణ మొహంలోకి ఒకసారి చూసి పెన్ను తీశారు. డాక్టరేటు ఆరు నెలలు వాయిదా. ఒక్కో మోపెడ్ ఎన్ని కొలతలు పాడుచేస్తుందో లెక్కపెట్టాలి. అధ్యాయం తిరగరాసి, ఆలోచన ఎవరిదో పేరు వేయాలి.

ఆమె కారు వెళ్లిపోయాక గోపాలకృష్ణ పెన్నూ కాగితం తీసుకుని మంగమ్మ దగ్గరకు వచ్చాడు. సిగ్గేసింది. "మీ ఇంటిపేరేంటండీ, మంగమ్మ గారూ?"

"ముందు ఆ గంప ఇటు పట్టండి సారూ," అంది మంగమ్మ. "చెబుతాను."