ఎడమ మూల

బస్తా మూతిని రెండు చేతులతో దగ్గరికి పట్టి, పైన వేలాడుతున్న కుట్టు మిషన్‌ను కిందికి లాగాడు యెషయా. మిషన్ టకటకమంటూ మూతి పొడవునా పరిగెత్తింది. కుడి మోకాలు వంగదు కాబట్టి ఆ కాలిని పక్కకు చాచి, బరువంతా ఎడమకాలి మీద వేసి నిలబడతాడు. కుట్టిన బస్తాను హమాలీ వీపు మీదికి ఎత్తుకోగానే మరొకటి వచ్చి నిలుస్తుంది. నంద్యాలలోని ఆ రైసుమిల్లులో అతనికి రోజంతా ఇదే పని. తవుడు దుమ్ము కనుబొమల మీద, మెడ మడతల్లో పేరుకుని ఉంది. ముప్పై ఆరేళ్లకే జుట్టు పలచబడింది గానీ మెడ మాత్రం ఇంకా ఎద్దు మెడలాగే ఉంది. ఎడమ చెవి నలిగి ముద్దయింది. కుడిచేతి వేళ్లలో రెండు వంకర తిరిగి, పిడికిలి బిగిస్తే ఒకదాని మీదికొకటి ఎక్కుతాయి.

ఆ వేళ్లతోనే కొన్నేళ్లపాటు కబడ్డీ ఆడి బతికాడు.

ఆళ్లగడ్డలో బడి వెనక మట్టి మైదానంలో మొదలైంది ఆట. ఆదివారం ఆరాధన ఎగ్గొట్టి కబడ్డీకి పోయాడని తండ్రి కొండయ్య చింతబరికెతో కొట్టేవాడు. జిల్లా జట్టులోకి తీసుకున్నాక అదే తండ్రి చర్చి సంఘం ముందు నిలబడి కొడుకు కోసం ప్రార్థన చేయించాడు. జిల్లా తర్వాత రాష్ట్రం. ఆ తర్వాత పెద్ద లీగులో గోల్కొండ ఈగల్స్ జట్టు. అక్కడ యెషయాది ఎడమ మూల. కూతకొచ్చినవాడు బోనస్ గీత వైపు కాలు చాపగానే చీలమండ దొరకబుచ్చుకుని, ముఖం మ్యాట్‌కు ఆనించి పడుకోవడమే పని. మిగతావాళ్లు వచ్చి పైన పడేదాకా వదలకూడదు. టీవీలో ఎప్పుడూ అతని వీపే కనిపించేది. ఆ వీపు చూడటానికి ఆళ్లగడ్డలో టీకొట్టు ముందు జనం మూగేవాళ్లు.

మధ్యాహ్నం ఫోన్ మోగింది. సుందరరాజు. అప్పట్లో ఈగల్స్ జట్టుకు మేనేజర్. ఇప్పుడు ఊరూరా తిరిగి లీగుకు ఆటగాళ్లను వెతుకుతాడు.

"యెషయా, సాయంత్రం ఆళ్లగడ్డకు రాప్పా. ఈ పొద్దు కబడ్డీ పోటీల ఫైనల్. స్టేజీ మీద కూర్చుందువు."

"నా పేరు నీకింగా గుర్తుందే సార్."

"ఏందప్పా అట్లంటావ్! మీ పిల్లోడు మహేష్ ఆడతాండాడు. బాగా ఆడితే ఈ పొద్దే నాతోపాటు హైదరాబాద్ పిలుచుకొని పోతా."

యెషయా ఫోన్ పెట్టేశాడు. మహేష్‌ది సంజామల. రైతు కుటుంబం. ప్రతి ఆదివారం చర్చి అయ్యాక యెషయా నంద్యాల మైదానంలో అతనికి ఆట నేర్పుతున్నాడు. మూడు వైపుల నుంచి మీద పడుతున్నా గాలిలో మెలితిరిగి మధ్య గీత తాకే కుర్రవాడు అతనికి వేరే ఎక్కడా కనపడలేదు.

చొక్కా మార్చుకోవడానికి ఇంటికి పోతే భార్య సంధ్య గుమ్మంలోనే అడ్డం నిలబడింది.

"పోవద్దు. ఆ మనిషిని చూస్తే నీ చేయి ఆగదు."

"వాని కోసం కాదు. మహేష్ ఆట చూడాల."

"నీ ఆట చూసిన్నాం గదా, చాలదా?" అంది సంధ్య. అన్నాక పక్కకు జరిగింది.

ఆమె మాటలో తప్పేమీ లేదు. అప్పట్లో, లీగు సెమీఫైనల్ ముందురోజు ప్రాక్టీసులో అతని మోకాలు వాచింది. మర్నాడు పొద్దున్నే డాక్టర్‌ను వెంటబెట్టుకుని సుందరరాజు గదికొచ్చాడు. సూది వేయించాడు. రెండో సగంలో యెషయా చీలమండ పట్టాడు, వదల్లేదు. కూతకొచ్చినవాడూ, తన జట్టువాళ్లు ఇద్దరూ ఆ మోకాలి మీదే పడ్డారు. లోపల ఏదో తెగిన చప్పుడు వినిపించింది గానీ నొప్పి తెలియలేదు. పాయింటు వచ్చింది. జట్టు ఫైనల్‌కు పోయింది, అతను ఆసుపత్రికి పోయాడు. తర్వాత అతను ఫోన్ చేస్తే సుందరరాజు ఎత్తలేదు.

ఆళ్లగడ్డ బస్సులో కాలు చాచుకోవడానికి చోటు దొరకలేదు. దారి పొడవునా యెషయా దవడలు బిగించుకునే కూర్చున్నాడు.

మైదానంలో నీలం రంగు మ్యాట్ పరిచారు. షామియానా కింద స్టేజీ, పూలదండలు, చెవులు పగిలే మైకు. యెషయా స్టేజీ వెనక్కి నడిచాడు. గుడ్డ తెర కట్టిన చోట ప్లాస్టిక్ కుర్చీలో మహేష్ కూర్చుని ఉన్నాడు. కుడి మోకాలు కుండలా వాచి ఉంది. పక్కన ఒకడు సూదిలోకి మందు ఎక్కిస్తున్నాడు. సుందరరాజు ఫోన్ చూసుకుంటున్నాడు.

"ఏమైంది రా?"

"నిన్న పడిన్నా అన్నా. ఏం లేదు."

"ఏం కాదప్పా," అన్నాడు సుందరరాజు తల ఎత్తకుండానే. "నొప్పి తెలీకుండా, అంతే."

యెషయా అతని మణికట్టు పట్టుకున్నాడు. ఫోన్ కింద పడింది. వంకర వేళ్లు బిగుసుకున్నాయి.

"నాకూ ఇదే చెప్పినావు. ఏం కాదప్పా, నొప్పి తెలీకుండా, అంతే. ఒక్క మాటన్నా మార్చుకోలేదే నువ్వు! నా కాలు చూసి గూడా మార్చుకోలేదే!"

"వదులప్పా... యెషయా, వదులు!"

"ఫోన్ ఎత్తినావా? ఒక్కసారన్నా ఎత్తినావా సుందరరాజూ?"

సూది పట్టుకున్నవాడు వెనక్కి జరిగాడు. సుందరరాజు ముఖం తెల్లబడింది. వాని చేయి విరవడం యెషయాకు పెద్ద పని కాదు. కానీ కుర్చీలోంచి గొంతు లేచింది.

"వదులన్నా!" అన్నాడు మహేష్. అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నీకేం అన్నా, నువ్వు ఆడినావు. మా ఊరి సెలూన్లో నీ ఫొటో అంటించినారు. నాకు దొరికింది ఈ ఒక్క పొద్దు. నన్ను గూడా మిల్లులో బస్తాలు కుట్టుకోమంటావా?"

"కాలు పోతాది రా."

"పోతే పోనీ. ఆ పొద్దు నిన్నెవరన్నా వద్దనింటే ఆగుంటివా?"

యెషయా ఆగుండేవాడు కాదు. వద్దన్నవాణ్ని తోసేసి ఆడుండేవాడు. ఆ సంగతి ఈ కుర్రవానికి తెలుసు. సుందరరాజుకు అందరికంటే ముందే తెలుసు. అక్కడే మండింది అతనికి. వేళ్లు ఒక్కొక్కటే విడిపోయాయి. సుందరరాజు మణికట్టు మీద ఎర్రటి గుర్తులు మిగిలాయి.

మైకులో తన పేరు రెండుసార్లు పిలిచినా యెషయా స్టేజీ ఎక్కలేదు. మ్యాట్ ఎడమ మూల దగ్గర జనంలో నిలబడి చూశాడు. మహేష్ ఆడాడు. అంతకు ముందెన్నడూ ఆడనంత బాగా ఆడాడు. చివరి కూతలో ఎడమ మూలవాడు అతని కుడి చీలమండ దొరకబుచ్చుకున్నాడు. మహేష్ బొక్కబోర్లా పడి, వాణ్ని ఈడ్చుకుంటూ, చేయి చాచి గీత తాకాడు. మైదానమంతా లేచింది. అరవకుండా నిలబడ్డది యెషయా ఒక్కడే.

పొద్దు గూకకముందే కారు బయలుదేరింది. మహేష్ కాళ్లకు సుందరరాజు ఇచ్చిన కొత్త బూట్లు. కిటికీలోంచి తల బయటపెట్టి, "పోయొస్తా అన్నా," అన్నాడు.

కారు కదిలాక యెషయా కుంటుకుంటూ దాని వెనక నడిచాడు.

"ఐసు పెట్టుకో రా! తెల్లారేసరికి మందు దిగిపోతాది, అప్పుడు తెలుస్తాది నొప్పి! ఎవురు చెప్పినా ఇంగో సూది వేయించుకోవద్దు! ఇంటాండావా రా?"

కారు నంద్యాల రోడ్డెక్కింది. పిల్లల కేకల్లో ఆ మాటలు కారు దాకా పోయాయో లేదో.

పనివాళ్లు మ్యాట్ చుట్టేస్తున్నారు. దాని అంచున, ఆట ముందు మహేష్ విడిచిన రబ్బరు చెప్పులు పడి ఉన్నాయి. తీసి దాచుదామని యెషయా వంగలేక వంగాడు. ఎడమ చెప్పు ఇంకా కొత్తదానిలాగే ఉంది. కుడిచెప్పు మాత్రం, నిన్నటి నుంచి కాదు, ఎన్నో నెలలుగా కాలు ఈడ్చుకుంటూ నడిచినట్టు, ముందు అంచంతా అరిగి కింది మట్టి కనిపిస్తోంది.