బద్రున్నీసా తొక్కుడు

బద్రున్నీసాకు కీమో ముగిసింది గానీ, అది పోతూ పోతూ అరికాళ్లలో, వేళ్ల కొసల్లో స్పర్శను కూడా పట్టుకుపోయింది. కాలి చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. గల్ఫ్ యుద్ధం అయిపోయి ఏడేళ్లు. ఆనాటి సైరన్లకు కూడా సౌదీలోని దమ్మామ్ వదలని ఆమె భర్త, డ్రైవరు అబ్దుల్ ఘనీ, వారానికి రెండుసార్లు ఆమెను ఫిజియోథెరపీకి దించి డ్యూటీకి పోయేవాడు.

అక్కడ వర్ష అనే విజయవాడ అమ్మాయి ఆమె చేత కళ్లు మూయించి, పాదం కింద తువ్వాలో, బ్రష్షో, ఇసుక సంచో పెట్టి అదేమిటో చెప్పమనేది. బద్రున్నీసా రెప్పల సందులోంచి చూసి అన్నీ సరిగ్గా చెప్పేసేది. నాలుగోసారి వర్ష కళ్లకు గంతలు కట్టింది. ఆ రోజు ఏది పెట్టినా తువ్వాలే అయింది.

ఇంటికొస్తే పై అంతస్తు సురయ్యా కాచుకుని ఉండేది. ప్రొద్దుటూరు మనిషి. పరామర్శ పేరుతో కూర్చుని, ఈ జబ్బుతో ఎవరెవరు ఎలా పోయారో విడమరిచి చెప్పేది. ఒకరోజు రియాద్‌లో ఎవరో పోయిన కథ మధ్యలో బద్రున్నీసా టీ పెడతానని లేచి, ఆమె కాలు గట్టిగా తొక్కేసింది. సురయ్యా కెవ్వుమంది. స్పర్శ తెలియదు కదా, ఏం చేసేదని బద్రున్నీసా అమాయకంగా వాపోయింది. అప్పటినుంచి చావు కబురు మొదలైతే చాలు, ఆమెకు టీ గుర్తొచ్చేది.

మూడు నెలల తర్వాత సురయ్యా జెద్దాలో ఒకావిడ సంగతి ఎత్తుకుంది. బద్రున్నీసా లేచింది, తొక్కింది. పాదం కింద ఏవో గిలగిల్లాడాయి. వెచ్చగా, విడివిడిగా, వేళ్లు. ఆమె కళ్లు మూసుకుని అలాగే నిలబడిపోయింది.

"కాలు తియ్యి ఆపా."

"రవ్వంతసేపు ఉండు. నీ వేళ్లు నాకు తెలుస్తాండాయి."

ఆ సంతోషంలో ఇన్నాళ్లూ కావాలనే తొక్కానని కూడా చెప్పేసింది. సురయ్యా కుంటుకుంటూ మెట్లెక్కి పోయింది. రెండు రోజులు కిందికి దిగలేదు.

సంగతి విన్న వర్ష నవ్వాపుకోలేక కాసేపు ఫైలు మూసేసింది. "అలాంటి పరికరం మా దగ్గర లేదు ఆంటీ. ఈసారి అడిగి తొక్కండి" అంది.

మూడో రోజు బద్రున్నీసా మెట్ల పక్క కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టూ అరికాలితో తడుముకుంటూ పైకెక్కింది. సురయ్యా తలుపు తీసి, తీరిగ్గా కుర్చీలో కూర్చుని కాలు చాపింది.

"మెల్లగా. ఏ వేలో చెప్పాల."

"చిటికెనవేలు."

"కాదు, దాని పక్కది." సురయ్యా అంది: "ఆ జెద్దా ఆమె పోలేదు. బాగైపోయి, బడిలో పాఠాలు చెప్తాంది. నువ్వు యాడ చెప్పనిచ్చినావు?"

బద్రున్నీసా తల వంచుకుంది. నవ్వు మాత్రం ఆగలేదు. ఆ చలికాలమంతా ఇద్దరికీ అదే పని. చేతివేళ్లు పూర్తిగా మాట వినలేదు, గుండీలు ఇప్పటికీ ఘనీయే పెడతాడు. మెట్లు మాత్రం కమ్మీ పట్టుకోకుండానే ఎక్కుతోంది.