రేవు జవాబు

పడవ మునిగిన రోజు సరంగు తాగి ఉన్నాడట. ఈ మాట ఉప్పు పిన్నికి మార్కెట్టులో ఎవరో చెప్పారట. ఆ ఎవరికో హార్బరు ఆఫీసులో నీళ్ళు మోసేవాడు చెప్పాడట.

"కొయ్య మీద గాలివాన నల్లబుట్ట ఎక్కే ఉందటే! వీడికి కళ్ళు నెత్తికెక్కి, బుట్టను ఖాతరు చెయ్యకుండా పడవ తీశాడట. తను పోతే పోయాడు, పడవలో పనిచేసే కళాసీలను కూడా ముంచాడట. నాకేం తెలుసమ్మా, అనుకుంటున్నది చెప్తున్నా" అని ఉప్పు పిన్ని గోతాలక్క గుమ్మంలో నిలబడి కడుపులో ఉన్నదంతా కక్కేసి, కొంగుతో మూతి తుడుచుకుంది.

గోతాలక్క చిరిగిన గోనెసంచి కుడుతోంది. చేతిలో దబ్బనం ఆగిపోయింది. ఆ సరంగు ఆమె తమ్ముడు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన అతని తెడ్డు గుమ్మం పక్కన ఇంకా తడారనే లేదు.

"పిన్నీ, ఆ రోజు నువ్వెక్కడున్నావ్?"

"ఎక్కడుంటానే, రేవులోనే. ఉప్పు బస్తాల దగ్గర."

"మా తమ్ముడు పడవ మీంచి బుట్ట సంగతి అడిగినప్పుడు నువ్వేమన్నావ్?"

ఉప్పు పిన్ని మొహం చిన్నబోయింది. "అందరితోపాటు నేనూ... లేదనే అన్నాను."

"మరి ఇప్పుడు 'ఉంది' ఎక్కడ్నుంచి ఊడిపడింది?"

పిన్ని నోరు మూతపడటం ఆ వీధి అంతకుముందు చూసి ఎరగదు.

ఆ రేవు సంగతి కాస్త చెప్పుకోవాలి. ఒకప్పుడు ఓడలు ఒడ్డు దాకా వచ్చేవి. ఏరు తెచ్చిన ఇసుక మేట వేసి వేసి రేవు నోరు పూడిపోయింది. ఇప్పుడు ఓడలు నడి సముద్రంలో లంగరేసి, విందుకొచ్చిన పెద్దమనుషుల్లా కదలకుండా నిలబడతాయి. ఆడా మగా బస్తాలు మోసి పడవలకెత్తితే, సరంగులు వాటిని నడుపుకెళ్ళి ఆ ఓడల కడుపు నింపాలి. సముద్రమూ మునుపటిది కాదు. గాలివాన ఒకప్పుడు కబురు చేసి వచ్చే చుట్టం. ఇప్పుడు తలుపు తన్నుకుని లోపలికొస్తోంది. సరుకు కాంట్రాక్టరు తన గోదాముకు రాళ్ళగోడ కట్టించుకున్నాడు. ఆ గోడకు కొట్టుకున్న అల ఊరుకుంటుందా? పక్కకు తిరిగి కూలోళ్ళ ఇళ్ళ మీద పడింది. ఒడ్డు వీధి సగం నీళ్ళ కిందికి పోయింది. మిగతా సగం తన వంతు కోసం చూస్తోంది.

హార్బరు ఆఫీసు మేడ మీద పొడుగాటి కొయ్య ఉంది. గాలివాన సూచన అందితే దాని మీదికి నల్లగుడ్డ చుట్టిన వెదురుబుట్టను తాడుతో లాగుతారు. బుట్ట ఎక్కితే పడవ కదలకూడదు, ఆ పూట కూలి మాత్రం ముట్టాలి. ఇది ఎవరో జాలిపడి ఇచ్చింది కాదు. తాతల కాలంలో పడవలన్నీ ఒడ్డున బోర్లించి, పస్తులుండి, లాఠీలు తిని లాక్కున్న హక్కు. అప్పట్నుంచే ఒక అలవాటు వచ్చింది. పడవ తీసే సరంగు చూపు అల మీద ఉంటుంది, వెనక్కి తిరగడానికి వీలుండదు. అందుకని ఒడ్డును అడుగుతాడు. "బుట్ట?" అంటాడు. ఒడ్డున ఉన్నవాళ్ళంతా కొయ్యకేసి చూసి "లేదు!" అని ఒక్క గొంతుతో అరుస్తారు. అప్పుడే తాడు విప్పుతాడు. "ఉంది" అంటే దిగిపోతాడు. రేవు మాట మీద నమ్మకం అలాంటిది.

ఆ రోజు ఆకాశం కాటుక పూసినట్టుంది. గాలి స్తంభించిపోయి ఒళ్ళంతా చెమట. కొయ్య మాత్రం బోసిగా ఉంది. సరుకు నిండకుండా ఓడ వెళ్ళిపోతే కాంట్రాక్టరుకు నష్టం. అందుకే పొద్దున్నించీ హార్బరు ఆఫీసులో తిష్ట వేసి కూర్చున్నాడు. తమ్ముడు పడవ మీంచి అడిగాడు. మబ్బు కళ్ళముందు కనబడుతూనే ఉంది. అయినా నోటికి పట్టిన అలవాటు, రేవు రేవంతా "లేదు!" అంది. గోతాలక్క గొంతూ అందులో ఉంది.

బుట్ట ఎక్కింది. పడవ మునిగాక ఎక్కింది.

ఉప్పు పిన్ని ఆ కబురు మోసుకొచ్చిన రోజు మధ్యాహ్నం మేస్త్రి గోతాల షెడ్డుకొచ్చాడు. ఒకప్పుడు వీళ్ళ పక్కనే బస్తా మోసినవాడు. ఇప్పుడు గొడుగు కింద నడుస్తూ కాంట్రాక్టరు మాటలు మోస్తున్నాడు. అతనొస్తున్నాడని తెలిసి జనం ముందే చేరారు. రేకుల కింద ఉక్క. గోనెల దుమ్ము.

"విచారణకు పెద్దాఫీసరు వస్తున్నాడు" అన్నాడు మేస్త్రి. "అడిగితే ఒక్క ముక్క చెప్పండి. బుట్ట ఉంది, సరంగే వినలేదు అనండి. పోయిన కళాసీల ఇళ్ళకు ఇంటికో ఉద్యోగం, కొత్త జెట్టీ మీద. నీడపట్టున పని."

"లేనిదాన్ని ఉందని ఎలా అంటాంరా?" అన్నాడు పెద్ద కళాసీ. పడవలు బోర్లించిన రోజుల్ని చూసినవాడు, చూపు తగ్గినా గొంతు తగ్గనివాడు.

మేస్త్రి నవ్వాడు. "అయితే లేదనే చెప్పు పెదనాన్నా. లేదని అరిచి వాళ్ళను పంపిందెవరు? ఆఫీసరా, కాంట్రాక్టరా? మీరేగా!"

దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది.

చనిపోయిన చిన్న కళాసీ పెళ్ళాం గోడవార కూర్చుని ఉంది. నిండు నెలలు. ఆమే ముందుగా నోరు తెరిచింది. "అక్కా, కోపం తెచ్చుకోకు. నీ తమ్ముడు ఎలాగూ పోయాడు. పోయినవాడికి పరువెందుకు? ఉన్నవాళ్ళకు కూడు కావాలి. నేను ఉందనే అంటాను."

"సిగ్గు లేదూ?" అని ఎవరో అరిచారు.

"సిగ్గు ఉడకేసుకుని తినమంటావా?" అందామె అంతే గట్టిగా.

గోతాలక్క లేచింది. "చెల్లీ, ఉద్యోగం తీసుకో. నేను అడ్డం పడను. తాగుబోతోడి అక్క అని నన్ను పిలిచినా పడతాను. ఒక్క మాటకు మాత్రం జవాబు చెప్పు. పోయినవాళ్ళ చోటికి నీ మరిది పేరు రాసుకున్నారు. రేపో మాపో పడవెక్కుతాడు. ఎక్కి, బుట్ట అని అడుగుతాడు. వాడికేం చెప్తావ్?"

ఆమె మరిది గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. ఇటూ అటూ చూసి తల దించుకున్నాడు. ఆమె పొట్ట మీద చెయ్యి వేసుకుంది.

"కొయ్య వాళ్ళది" అన్నాడు పెద్ద కళాసీ, తనలో తను అనుకుంటున్నట్టు. "తాడు వాళ్ళది. బుట్టా వాళ్ళదే. జవాబొక్కటే మనది. అప్పట్లో ఆ జవాబు కోసమే తలలు పగలగొట్టించుకున్నాం."

"పగలగొట్టించుకుని ఏం లాభం మావా?" అంది ఉప్పు పిన్ని. "నోటిని తీసుకెళ్ళి వాళ్ళ కొయ్యకే కట్టేశాం. ఆకాశం చూసే కళ్ళు మనకు లేవూ?"

గొడుగు విప్పుకుంటూ మేస్త్రి అన్నాడు, "బాగా ఆలోచించుకోండి. ఉంది అంటే బతుకుతారు."

పెద్దాఫీసరు వచ్చాడు. వీళ్ళలో ఎవర్నీ పిలవలేదు. ఎండలో నిలబెట్టి, కాంట్రాక్టరుతో టీ తాగి, వరండాలోకొచ్చి తీర్పు చదివాడు. ప్రమాద సూచన సకాలంలో ఎగరేశారు. సరంగు నిర్లక్ష్యం వల్లే ప్రాణనష్టం జరిగింది. ఎవరికీ ఏమీ రాదు. ఉద్యోగాల ఊసే లేదు. మేస్త్రి కోసం చూస్తే అతను కాంట్రాక్టరు వెనక నిలబడి గొడుగు పట్టుకున్నాడు.

ఆఫీసరూ కాంట్రాక్టరూ మెట్లు దిగేసరికే ఎండ పోయింది. మబ్బు దిగింది, గాలి బిగిసింది. మళ్ళీ అదే కాటుక. నడి సముద్రంలో కొత్త ఓడ కాచుకుని ఉంది. కొయ్య బోసిగా ఉంది.

"పడవ తియ్యండి!" అన్నాడు కాంట్రాక్టరు.

ఎడంచేతివాటం సరంగొకడు పడవెక్కాడు. కళాసీలు ఎక్కారు, వాళ్ళలో చిన్న కళాసీ పెళ్ళాం మరిది కూడా ఉన్నాడు. సరంగు అల మీద చూపు నిలిపి, గొంతెత్తి అడిగాడు.

"బుట్ట?"

రేవు కొయ్యకేసి చూసింది. కొయ్య మీంచి చూపు తిప్పి మబ్బుకేసి చూసింది.

"బుట్ట?" మళ్ళీ అడిగాడు సరంగు.

"ఉంది!"

ఆ అరుపు గోతాలక్కది కాదు. ఆమె నోరు తెరిచేలోపే చిన్న కళాసీ పెళ్ళాం అరిచింది. తరవాత గోతాలక్క, పెద్ద కళాసీ, మోతగాళ్ళు, గోనెలు కుట్టే ఆడవాళ్ళు అందుకున్నారు. "ఉంది! ఉంది! ఉంది!" కాంట్రాక్టరు గోడ మీద అల కొట్టినట్టు కొట్టింది ఆ మాట. ఎడంచేతి సరంగు తెడ్డు కింద పెట్టి దిగాడు. వెనకే కళాసీలు దిగారు. పక్క పడవలవాళ్ళూ దిగారు. పడవలు ఒక్కొక్కటే ఇసుకలోకి బోర్లాపడ్డాయి.

మేస్త్రి పరుగెత్తుకొచ్చాడు. "పిచ్చి పట్టిందా మీకు?"

"ఉంది అనమంది నువ్వేగా నాయనా! ఉంది అంటే బతుకుతాం అన్నావ్" అంది ఉప్పు పిన్ని. జనం ఘొల్లుమన్నారు. చాలా రోజులకు ఆ రేవు నవ్వింది.

ఈలోపు పోలీసు జీపులు దిగాయి. లాఠీలు లేచాయి. పెద్ద కళాసీని రెక్క పట్టి ఈడ్చుకెళ్ళి జీపెక్కించారు. "లేదనకండి!" అని లోపల్నుంచి అరుస్తూనే ఉన్నాడు. ఎవరూ పరుగెత్తలేదు. బోర్లించిన పడవల మీద ఆడవాళ్ళు కూర్చున్నారు. చిన్న కళాసీ పెళ్ళాం అందరికంటే ముందు, కాళ్ళు బార్లా చాపుకుని కూర్చుంది.

పెద్దాఫీసరు ఇసుకలో బూట్లు దిగబడుతుండగా గోతాలక్క ఎదుటికి వచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది. వేలెత్తి కొయ్యను చూపించాడు.

"కళ్ళు లేవా నీకు? ఎక్కడుంది బుట్ట? ఎక్కడుందో చూపించు!"

కాంట్రాక్టరు చూశాడు. ఇన్‌స్పెక్టరు చూశాడు. అందరూ ఆ బోసి కొయ్యకేసి తలెత్తి చూశారు.

గోతాలక్క మాత్రం చూడలేదు.

"మా తమ్ముడు పోయిన రోజు మీకు ఎక్కడ కనబడిందో, అక్కడే ఉంది బాబూ."